మబ్బుల్లో కరణీకం

గాలిలో మేడలు కట్టేవాళ్ళను మనవాళ్ళు ఎన్నడూ గౌరవించలేదు. పిల్లనివ్వడానికి కూడా వెనకాడేవారు. అటువంటిది, ఇప్పుడు ఆ పనికే నెలజీతం ఇస్తున్నారు. నా వృత్తి అదే. మేడలు కాదు గాని, మబ్బుల్లో సర్వర్లు నిలబెడుతూ ఉంటాను.

సర్వరంటే హోటల్లో ఇడ్లీ తెచ్చే సర్వరు కాదు. అడిగినవాళ్ళకు అడిగింది అందించే కంప్యూటరు. ఆ మాటకొస్తే ఇద్దరి పనీ ఒకటే. ఇక మబ్బంటారా, అదీ పేరుకే. ఎక్కడో సిమెంటు కట్టడంలో, చల్లని గదుల్లో, బీరువాల్లాంటి చట్రాల్లో వరసగా పేర్చిన యంత్రాలవి. వాటిలో మనకు కావలసినంత భాగాన్ని, వాడుకున్నంత సేపటికి అద్దెకిస్తారు. అమెజాన్ వారు 2006లో ఈ అద్దె వ్యాపారం ఆరంభించారు. 2016లో ముంబయిలోనూ, 2022లో హైదరాబాదులోనూ వారి కేంద్రాలు వెలిశాయి. ఆ యంత్రాల మీద విరివిగా నడిచేది లినక్సు. 1991లో హెల్సింకిలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి రాయడం మొదలుపెట్టి, లోకానికంతకూ పంచిపెట్టిన సొత్తు అది.

ఇంతకూ చెప్పొచ్చేదేమిటంటే, కొన్నేళ్ళ కిందట ఒక ధర్మాసుపత్రి వారు నాకు కబురు పెట్టారు. పేరెందుకు లెండి. రోగులకు టోకెన్లిచ్చేదీ, పాత చీటీలు వెతికి చూపించేదీ అక్కడ ఒక్కటే సర్వరు. ఎవరో కుర్రవాడు, బుద్ధిమంతుడే, రాత్రిళ్ళు మేలుకుని దాన్ని చేత్తో నిలబెట్టాడు. ఏ ఆదేశం ఎప్పుడు టైపు చేశాడో, ఏ తలుపు ఎందుకు తెరిచాడో ఎక్కడా రాసిపెట్టలేదు. తరవాత విదేశంలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. ఒక సోమవారం ఉదయం ఆ సర్వరు కాస్తా మొరాయించింది. అటువంటిది మళ్ళీ నిలబెట్టడానికి మూడు రోజులు పట్టింది. తెల్లవారుజామున బస్సెక్కి పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్ళు ఆ మూడు రోజులూ చెట్టు కింద కూచున్నారట. "మీ కాగితాలు లోపలే ఉన్నాయి గాని కనబడటం లేదమ్మా" అని చెప్పలేక గుమాస్తాలు తల వంచుకున్నారట.

ఈ కథ వింటూ ఉంటే మా తాతగారు గుర్తుకొచ్చారు. ఆయన కృష్ణా జిల్లాలో ఒక గ్రామానికి కరణం. ఏ సర్వే నంబరులో ఎవరి సాగు, ఏ పైరు, ఏ బోదె ఎటు పారుతుంది - అన్నీ ఆయన నాలుక చివర ఉండేవి. ఊరివాళ్ళది గౌరవమో భయమో నేను చెప్పలేను. 1984లో ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసింది. తరవాత వచ్చిన ఉద్యోగి అడంగలు తెరిచి చూస్తే అర్థమయింది సగమే. మిగతా సగం మా అరుగు మీద, పడక్కుర్చీలో కూచుని ఉంది.

అంచేత ఆసుపత్రి వారితో ఒకే మాట చెప్పాను. "నేను సర్వరును చేత్తో ముట్టుకోను. ముందు కావలసిందంతా రాస్తాను. ఆ రాత చూసి పనిముట్లే కడతాయి."

అటువంటి పనిముట్లలో ఒకటి టెర్రాఫాం. 2014లో హాషికార్ప్ కంపెనీ దాన్ని విడుదల చేసింది. అందులో ఎలా కట్టాలో రాయనక్కరలేదు, ఏమేమి ఉండాలో రాస్తే చాలు. 2 గిగాబైట్ల మెమరీ ఉన్న యంత్రం ఒకటి. దాని మీద ఉబుంటు లినక్సు. 30 గిగాబైట్ల డిస్కు. వచ్చేపోయేవారికి 443 నంబరు ద్వారం. మరమ్మతు చేసేవాడు దూరే 22 నంబరు ద్వారం మాత్రం ఆసుపత్రి చిరునామా నుంచి వస్తేనే తెరుచుకోవాలి. ఇంతే. ఇల్లు లేచాక సామాను సర్దడానికి 2012లో వచ్చిన యాన్సిబుల్ అనే పనిముట్టు ఉంది. ఏ సాఫ్టువేరు ఎక్కించాలో, ఏ ఫైలు ఎక్కడుండాలో దానికి మరో జాబితా. సరిగా రాస్తే, పదిసార్లు నడిపినా పదిసార్లూ సామాను మొయ్యదు. అంతా ఉన్నచోటే ఉంటే "మార్పులు 0" అని చెప్పి ఊరుకుంటుంది.

టెర్రాఫాం దగ్గర స్టేట్ ఫైలని ఒక చిట్టా ఉంటుంది. అచ్చం అడంగలే! నేను రాసింది కోరిక, చిట్టాలో ఉన్నది లెక్క, మబ్బులో ఉన్నది పొలం. "ప్లాన్" అని ఆదేశమిస్తే పొలం మీదికి వెళ్ళి అజమాయిషీ చేసి, ఈ మూడింటికీ ఎక్కడ పొసగలేదో చెబుతుంది. కొత్తగా చేరేదానికి కూడిక గుర్తు, పోయేదానికి తీసివేత గుర్తు. మనం చూసి "ఎస్" అంటేనే పని మొదలవుతుంది. జాబితాలో రాసిన తలుపును ఎవరైనా మధ్యలో చేత్తో మార్చారా, మరుసటి అజమాయిషీలో పట్టుబడతారు. అయితే ఈ చిట్టాలో సంకేతపదాలు కూడా బాహాటంగా ఉండవచ్చు గనక దాన్ని తాళం వేసి భద్రపరచాలి. ఇద్దరు కరణాలు ఒకేసారి కలం పెట్టకుండా గొళ్ళెమూ ఉండాలి.

పనిముట్టు ఒకరి గుప్పెట్లో ఉంటే చిక్కే సుమండీ. 2023లో ఆ కంపెనీ టెర్రాఫాం లైసెన్సు షరతులు బిగించింది. గిట్టనివాళ్ళు అంతకుముందు స్వేచ్ఛగా ఇచ్చిన ప్రతిని తీసుకుని, ఓపెన్ టోఫు అనే పేరుతో వేరుకుంపటి పెట్టారు. లినక్స్ ఫౌండేషన్ నీడలో అది నడుస్తోంది.

నేను ఇవన్నీ రాస్తూ ఉంటే, ఆసుపత్రి జనరేటరు చూసే పెద్దాయన నా వెనక నిలబడి చూసేవారు. పాతికేళ్ళ సర్వీసు. ఆ జనరేటరు ఆయన చేతికి తప్ప మరెవరికీ లొంగదని ప్రతీతి. ఒకనాడు మెల్లగా అడిగారు:

"బాబూ, ఇలా అంతా రాసి ఇచ్చేస్తే, రేపు మీతో వీళ్ళకేం పని?"

తడుముకున్నాను. మా వృత్తిలో ఈ ప్రశ్న అందరి గుండెల్లోనూ ఉంది. పైకి అనరు గాని. కరణీకం పోయిన తరవాత మా తాతగారు, ఎవరైనా పొలం తగాదా పట్టుకుని వస్తే ఎంత మురిసిపోయేవారో నాకు తెలుసు.

"రాత కూడా పాతబడుతుందండీ," అన్నాను. "ఈ ఉబుంటు ప్రతికి మామూలుగా 5 ఏళ్ళే మరమ్మతులు. ఎవరో ఒకరు దిద్దుతూ ఉండాలి. ఆ ఒకరు నేనే కానక్కరలేదు."

ఆయన ఏమీ అనలేదు.

ఒక ఆదివారం పరీక్ష పెట్టాం. అసలు సర్వరు జోలికి పోకుండా, వేరే చిట్టా పెట్టి, అదే రాతతో దానికి జంటను లేపాను. కాఫీ తాగేలోగా యంత్రం లేచింది. అరగంటలో సామాను సర్దుకుంది. రాత ఇల్లు కడుతుంది గాని ఇంట్లో ఫొటోలు తేలేదు గదా! అంచేత రోగుల వివరాలకు రోజూ రాత్రి తీసి వేరేచోట దాచే నకలును అందులోకి దింపాను. గుమాస్తా అమ్మాయి ఒక పాత నంబరు కొడితే, ఆ రోగి చీటీ తెర మీద కనబడింది. అప్పుడు "డెస్ట్రాయ్" అని టైపు చేసి, ఆ జంటను మొత్తం తుడిచేశాను. పెద్దాయన "అయ్యయ్యో" అన్నారు.

"ఇప్పుడు నువ్వు కట్టమ్మా," అని లేచి, కుర్చీ ఆ అమ్మాయికిచ్చాను.

ఆమెకు టైపింగు వచ్చు. లినక్సు పేరే అప్పుడు వింటోంది. ఒకే కాగితం మీద వరస క్రమం రాసి చేతికిచ్చి, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. నోరు మెదపకూడదని నియమం. రెండుచోట్ల ఆగింది. మూడోచోట కాగితం మళ్ళీ చదువుకుంది. గంటకు పైగా పట్టింది. చివరకు అదే పాత నంబరు కొట్టింది, అదే చీటీ వచ్చింది. ఆమె ఆగిన చోట్ల ఏ మాట అర్థం కాలేదో అడిగి, ఆ వాక్యాలు తిరగరాశాం. ఆ కాగితం ఒక ప్రతి ఆఫీసు బీరువాలో ఉంచారు.

పై వారం పెద్దాయన నా బల్ల మీద 200 పేజీల నోటుపుస్తకం ఒకటి పెట్టారు. జనరేటరు సంగతి. మొదటి పేజీలో, డీజిలు పైపులో గాలి చేరితే ఏ మర ముందు వదులు చెయ్యాలో బొమ్మతో సహా వేశారు. అక్షరాలు వంకరగా ఉన్నాయి.

"చదివితే తెలుస్తుందా బాబూ?" అన్నారు.

తెలుస్తుందన్నాను. ఐనా నా మాట మీద ఆయనకు నమ్మకం కుదరలేదు కాబోలు, పుస్తకం తీసుకుని గుమాస్తా అమ్మాయిని పిలుచుకుని జనరేటరు గదివైపు నడిచారు.