ఆటయంత్రమును, ఇంటి తాళమును

జంపని వంటి గ్రామమున ఇంటర్నెట్టు తీగ యింటిలోనికి వచ్చుట నేడు వింత గాదు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టు పథకమును 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. కరెంటు స్తంభముల వెంట గాజుపోగు తీగలు లాగి పల్లెలను కలుపుట ఆ పథకపు పద్ధతి. ఏ సంస్థవారి తీగయైనను, ఇంటిలో రౌటరు అను చిన్న పెట్టెను జేరిన పిదప, అచ్చటినుండి తీగ లేకయే తరంగములద్వారా అందఱికిని పనిచేయును. మా తాతగారు బ్యాంకు లెక్కలు చూచుకొనునదియు, మా అక్క పరీక్షలకు దరఖాస్తులు పంపునదియు దాని వలననే. అట్టి యింటి వైఫైతో ఒక ఆటయంత్రమును కలుపుట యెట్లు? ప్రశ్న చిన్నదే గాని, అందులో ఆలోచింపదగిన విషయము గలదు.

మా మేనమామగారు అమెరికానుండి వచ్చినప్పుడు నింటెండో డి.ఎస్. యంత్రములు రెండు తెచ్చి మా అన్నదమ్ముల కిచ్చిరి. అవి 2004వ సంవత్సరమున మొదట వెలువడిన తరగతివి. పలకల పుస్తకమువలె మూసి తెఱువవచ్చును. లోపల రెండు తెరలు. క్రింది తెరను చిన్న పుల్లతో తాకి యాడవలెను. సముద్రమున కావలనున్న మామయ్య పిల్లలతో కారుపందెపు టాట ఆడవలెనని మా కోరిక.

రెండు యంత్రములు తీగలేక మాటలాడవలెనన్న మూడింట నేకీభవింపవలెను. మొదటిది తరంగముల పట్టి. మన దేశమున 2.4 గిగాహెర్ట్జ్ పట్టిని, 5 గిగాహెర్ట్జ్ పట్టిని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు ప్రభుత్వము సమ్మతించినది. నేటి రౌటరులు పెక్కు ఈ రెండింటను పలుకును, డి.ఎస్. మొదటిదానిని మాత్రమే వినగలదు. రెండవది వేగము. ఈ పాతయంత్రము సెకనునకు 1 లేక 2 మెగాబిట్ల వేగముననే మాటలాడును గావున రౌటరు అంత మెల్లగా పలుకుటకు ఒప్పుకొనవలెను. మూడవది తాళము. మేము 2.4 పట్టిని తెఱచి, పాత వేగములకును అనుమతి నిచ్చినంతనే మా యింటి వైఫై పేరు యంత్రపు తెరపై కనబడెను. కాని తాళమువద్ద పని నిలిచిపోయెను.

దీనికి కారణము చరిత్రలో గలదు. 1997లో వైఫైకి వెప్ అను తాళము నేర్పఱచిరి. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అను ముగ్గురు పండితులు దానిలోని లోపమును లోకమునకు వెల్లడించిరి. అందుచే 2003లో డబ్ల్యు.పి.ఎ.యు, 2004లో డబ్ల్యు.పి.ఎ.2యు వచ్చినవి. డి.ఎస్. యంత్ర మెఱిగినది వెప్ తాళము మాత్రమే. ఇది యంత్రపు దోషము గాదు; కాలధర్మము.

అప్పుడు మా యెఱుకగలవా డొకడు, "రౌటరు తాళము తీసివేయుడు, లేదా వెప్‌నకు మార్చుడు, అయిదు నిమిషముల పని" అని చెప్పెను. మాకును నోరూరెను. తాతగారిని అనుమతి యడిగితిమి. ఆయన వాలుకుర్చీలోనుండి లేవకయే, "ఒరేయ్ అబ్బాయిలూ! దూడ లోనికి రావలెనని దొడ్డికంచె యంతయు పీకుదుమా?" అనిరి. ఆ మాటలోని నిజమును విచారించితిమి. వెప్ తాళమును నేడు సామాన్యమైన కంప్యూటరుతో కొద్ది నిమిషములలో ఛేదింపవచ్చును. బ్యాంకువారి పుటలకు వేఱుగ రక్షణ యున్నను, అపరిచితుడు మన వైఫైలో జొరబడి చేయరాని పని చేసినచో, విచారణకు వచ్చువారు మొదట తట్టునది తీగ యెవరి పేర నున్నదో వారి తలుపు. ఆ తీగ తాతగారి పేరనే యున్నది.

చుట్టములకు వేఱుగది యిచ్చినట్లు, కొన్ని రౌటరులలో అతిథులకు ప్రత్యేకమైన వైఫై నేర్పఱుపవచ్చును. ఇంటి యితర యంత్రములు ఆ గదిలోనివారికి కనబడవు. మా రౌటరునందును అట్టి గది కలదు గాని, దానికిని కొత్త తాళమే. ఇంతలో మామయ్య ఫోనులో మఱియొక సంగతి తెలిపిరి. ఆ యంత్రములకై నింటెండో వారు నడపిన ఇంటర్నెట్టు ఆటల సేవ 2014 మే 20వ తేదీననే ముగిసినదట. కంచె పీకియున్నను మేము కోరిన యాట మాకు దొరకియుండెడిది గాదు!

అయినను యంత్రములు వ్యర్థము గాలేదు. రెండు డి.ఎస్.లు దగ్గఱనున్నచో రౌటరుతోడను, ఇంటర్నెట్టుతోడను పనిలేక తమలో తామే మాటలాడుకొనగలవు. 2005లో వచ్చిన మారియో కార్ట్ డి.ఎస్. అను ఆటలో, ఒక్కరియొద్ద కార్డున్న చాలును. తక్కినవారు తమ యంత్రములతో కలిసి, ఎనమండుగురు వఱకు పందెమాడవచ్చును. ఒకనాటి రాత్రి కరెంటు పోయి రౌటరు ఆరిపోగా, మేము అరుగుమీద కూర్చుండి ఆ యాట నారంభించితిమి. ప్రక్కయింటి పిల్లలు మూగి వంతులు పెట్టుకొనిరి. ఆదివారమున మామయ్య పిల్లలకు గెలుపోటములు ఫోనులో చెప్పితిమి. వారితో నాడలేదను కొఱత మాత్రము తీరలేదు, అది నిజము.

క్రొత్త యంత్రములు గలవారి కిన్ని మాటలు. 2011లో వచ్చిన నింటెండో 3డి.ఎస్.కు డబ్ల్యు.పి.ఎ.2 తాళము తెలియును గాని, అదియు 2.4 పట్టినే వినును. దాని యింటర్నెట్టు ఆటల సేవయు 2024 ఏప్రిలులో చాలవఱకు ముగిసినది. 2017లో వచ్చిన స్విచ్ రెండు పట్టీలను వినును. సెట్టింగులలో ఇంటర్నెట్టును తెఱచి, మీ యింటి వైఫై పేరు నెన్నుకొని, సంకేతపదమును వ్రాయుడు. ఇంగ్లీషు పెద్దక్షరమునకును చిన్నక్షరమునకును భేదము గలదు. సున్నను 'ఓ' అను అక్షరముగా పొరబడకుడు. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగము గలదేగాని మందపు గోడలను దాటుటలో బలహీనము, దూరపుగదిలో 2.4 పట్టియే మేలు.

తమ్ములారా, చెల్లెండ్రారా! బలహీనుడగు నతిథికి చోటిచ్చుట మంచిదే. అందులకై యింటివారందఱి కాపుదల తీయుట మంచిది గాదు. రౌటరు తాళము మార్పుమని యడుగుటకు ముందు, ఆ తాళము నమ్ముకొని మీ యింట నెవరెవరు ఏయే పనులు చేసికొనుచున్నారో వేళ్లమీద లెక్కింపుడు. ఆ లెక్క ముగిసిన పిమ్మట మీ పెద్దలనడుగుడు.