స్టాపు ఎక్కడుందో చూడలేదు

2008 ఏప్రిల్‌లో ఢిల్లీలో బస్సులకు ప్రత్యేక దారి తెరిచినప్పుడు నేను రాజనీతిశాస్త్రం చదువుతున్నాను. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు. రోడ్డు మధ్యలో బస్సులు, పక్కన కార్లు. కార్లవాళ్లు మండిపడ్డారు. రోడ్డును ఆక్రమించేది కార్లే అయినా జనం ఎక్కువున్నది బస్సుల్లోనే కదా అని నేను కనిపించినవారితోనల్లా వాదించేవాణ్ని.

ఆ వాదన ఇప్పటికీ తప్పనుకోను. కానీ చిరాగ్ ఢిల్లీ కూడలి దగ్గర బస్సులో నిలబడితే అది చాలేది కాదు. స్టాపు సిగ్నల్‌కు కాస్త ముందే ఉండేది. పచ్చదీపం వెలిగే వేళకు ముందున్న బస్సు ఇంకా జనాన్ని ఎక్కించుకుంటూ ఉండేది. వెనకున్నవి దాన్ని దాటలేవు. అది కదిలేలోగా మళ్లీ ఎర్రదీపం. పైగా, ఎడమవైపున్న కార్లు కుడికి తిరగాలంటే బస్సుల దారిని దాటాలి. దానికో విడి సిగ్నల్. అంటే అందరికీ మరింత నిరీక్షణ.

దీనికి మందు పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. బస్సు పొడవు సుమారు 12 మీటర్లు. స్టాపును మూడు బస్సుల దూరం వెనక్కి జరిపితే, జనాన్ని ఎక్కించుకున్న బస్సులు ముందుకెళ్లి సిగ్నల్ దగ్గర ఆగుతాయి, వెనకటివి స్టాపులోకొస్తాయి. లేదా కూడలి దాటాక స్టాపు పెట్టాలి. కుడి మలుపులు తగ్గించాలి. 2000లో మొదలైన బొగోటా ట్రాన్స్‌మిలేనియోలో స్టేషన్ల వద్ద బస్సు బస్సును దాటే చోటుంది. 2009లో మొదలైన అహ్మదాబాద్ జన్‌మార్గ్‌లో టికెట్ స్టేషన్‌లోనే తీసుకుని, బస్సు అంతస్తుకు సమానమైన వేదిక మీంచి నేరుగా ఎక్కుతారు. మెట్లెక్కే తొక్కిసలాట లేదు.

ఢిల్లీలో బస్సుల దారిని అందరికీ తెరవాలన్న పిటిషన్‌ను 2012లో హైకోర్టు కొట్టేసింది. ఆ రోజు గెలిచామనుకున్నాను. అయినా 2015లో ప్రభుత్వం ఆ దారిని ఎత్తేయాలని నిర్ణయించింది. 2016లో కూల్చివేత మొదలైంది. కార్లవాళ్ల పలుకుబడే దాన్ని మింగేసిందని చాలాకాలం అన్నాను. అది సగం నిజం. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగిపోయే బస్సు, తనను కాపాడాలనుకునేవారి నోరు కూడా నొక్కేసింది.

ఇప్పుడు ఏ నగరంలోనైనా బస్సుల దారి గురించి రాయాల్సివస్తే, ఎన్ని కోట్లు, ఎన్ని కిలోమీటర్లు అని తర్వాత అడుగుతాను. ముందు నక్షా తెప్పించుకుని, సిగ్నల్ నుంచి స్టాపు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చూస్తాను.