గడియ ఎవరు వేశారు?

పెళ్లిచూపుల్లో ‘అబ్బాయి ఏం చేస్తాడు?’ అంటే ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట సరిపోతుంది. ‘అందులో ఏ పని?’ అని పిల్ల మేనమామ మరో ప్రశ్న వేశాడనుకోండి... ‘బ్యాకప్ అండీ’ అన్న జవాబుకు కొందరి మొహాలు చిన్నబోతాయి. ప్రోగ్రాములు రాయడు, కొత్తగా ఏదీ తయారుచేయడు. పగలంతా కంపెనీవాళ్లు చేసిన పనికి రాత్రిపూట నకళ్లు తీయిస్తాడు. అంతేనా? అంతే! కాకపోతే అందులో ఉన్న తిరకాసు తెలిస్తే ఆ మేనమామ కాస్త మర్యాదగానే చూస్తాడు.

పెద్ద ఆఫీసుల్లో ముఖ్యమైన ఫైళ్లు ఎవరి కంప్యూటర్లో వాళ్లు దాచుకోరు. ఎక్కడో ఓ చల్లటి గదిలో డిస్కుల పెట్టె ఉంటుంది. నెట్‌వర్క్ ద్వారా దాన్ని వందల కంప్యూటర్లకు తగిలిస్తారు. ‘మౌంట్’ చేయడమంటే ఇదే. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. వాడేవాళ్లకు అది సొంత ఫోల్డర్‌లాగే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. చూడ్డానికి మనింట్లో గదే, తలుపు తీస్తే మాత్రం పొరుగూళ్లో తేలతాం!

బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు ఈ సంగతి తెలుసు. అందుకే నెట్‌బ్యాకప్ లాంటివి, ప్రత్యేకంగా చెబితే తప్ప, ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ఒకే పెట్టె 200 కంప్యూటర్లకు తగిలించి ఉంటే ఒక్కో ఫైలుకు 200 నకళ్లు తయారవుతాయి కదా! న్యాయమైన జాగ్రత్తే. కానీ జరిగేదేమిటి? సర్వర్లు చూసేవాళ్లు ‘అది స్టోరేజీవాళ్లు తీస్తార్లే’ అనుకుంటారు. స్టోరేజీవాళ్లేమో ‘సర్వర్లలో బ్యాకప్ నడుస్తోందిగా’ అనుకుంటారు. వీధి తలుపు గడియ పెద్దకోడలు వేసిందని చిన్నకోడలు, చిన్నకోడలు వేసిందని పెద్దకోడలు హాయిగా నిద్రపోయినట్టు. పొద్దున్నే వచ్చే రిపోర్టులో మాత్రం ఆకుపచ్చ టిక్కు!

సరే, లోపలికి వెళ్లమనే చెప్పారనుకుందాం. అక్కడా ఓ మెలిక ఉంది. సొంత కంప్యూటర్లో సర్వాధికారి అయిన ‘రూట్’ను, భద్రత కోసం, ఆ పెట్టె మామూలుగా ఎవరో అనామకుడి కిందే లెక్కగడుతుంది. దాంతో ఇతరులు చూడకూడని ఫైళ్లు బ్యాకప్‌కూ అందవు. ఆ రాత్రి మౌంట్ ఊడిపోయి ఉంటే మరీ విడ్డూరం. సాఫ్ట్‌వేర్ ఖాళీ ఫోల్డర్‌ను చూసి, ఆ ఖాళీకే భద్రంగా నకలు తీసి, ‘విజయవంతం’ అని రాసేస్తుంది.

నకలు తీయకపోవడం ఒక ఎత్తు. నకలు పని చూసే ప్రోగ్రామే అసలును మింగేస్తే? 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో అదే జరిగింది. సూపర్ కంప్యూటర్‌కు తగిలించిన ఉమ్మడి స్టోరేజీలో పరిశోధకుల ఫైళ్లు ఉన్నాయి. బ్యాకప్ ప్రోగ్రాములో, 10 రోజులు దాటిన లాగ్ ఫైళ్లను ఊడ్చేసే భాగం ఒకటుంది. చిత్తుకాగితాల్లాంటివన్నమాట. స్టోరేజీ సరఫరా చేసిన కంపెనీ ఆ ప్రోగ్రామును సరిదిద్ది, పాతది నడుస్తుండగానే దాని మీద కొత్తది పెట్టేసింది. ఇలాంటి ప్రోగ్రాములను కంప్యూటర్ ముందే కంఠతా పట్టదు, చదువుకుంటూ చేసుకుపోతుంది. చీటీ చూస్తూ పెళ్లివంట చేస్తున్న వంటమేస్త్రి చేతిలో చీటీ సగంలో మార్చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ‘ఫలానా గదిలోని పాత కాగితాలు పారేయ్’ అన్న ఆజ్ఞలో గది పేరు ఖాళీ అయిపోయింది. చీపురు అసలు ఫైళ్ల మీద పడింది.

14వ తేదీ సాయంత్రం మొదలైంది 16 మధ్యాహ్నం దాకా సాగింది. దాదాపు 77 టెరాబైట్లు... సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు పోయాయి. అవి 14 పరిశోధక బృందాలవి. వాటిలో 4 బృందాల ఫైళ్లు బ్యాకప్ నుంచి తిరిగి తేలేమని విశ్వవిద్యాలయమే ప్రకటించింది. తప్పు నూటికి నూరుపాళ్లూ తమదేనని కంపెనీ ఒప్పుకుంది. పెద్దమనసే, కాదనలేం. కానీ పోయిన లెక్క మళ్లీ కావాలంటే మొదటి నుంచి కట్టుకోవాల్సిందే కదా! ఆ తర్వాత వాడకందారులకు విశ్వవిద్యాలయం మరో మాటా చెప్పింది... ముఖ్యమైన ఫైళ్లను మీరు కూడా వేరేచోట దాచుకోండని.

అందుకే పని తెలిసిన బ్యాకప్ కుర్రాడు ఆకుపచ్చ టిక్కును చూసి మురిసిపోడు. హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ కంపెనీల సర్వర్లు కాసే నైట్‌షిఫ్టువాళ్లయినా అంతే. ముందు ఏ ఫోల్డర్ ఏ పెట్టెలోదో, దాని నకలు ఎవరి బాధ్యతో పేరుతో సహా రాసిపెట్టుకుంటాడు. నెలకోసారి ఆ మౌంట్‌లోని ఏదో ఒక ఫైలును బ్యాకప్ నుంచి వేరేచోటికి రప్పిస్తాడు. తెరిచి చూస్తాడు, అసలుతో పోల్చుకుంటాడు. సరిపోతే రిజిస్టర్లో సంతకం. సరిపోకపోతే అర్ధరాత్రయినా సరే, స్టోరేజీవాళ్లకు ఫోను.