రెండు వేళ్ల లోతు

రాయి తప్పేం లేదు. సుంకరమెట్ట దగ్గర తారురోడ్డు వదిలి కొండ మీది ఊరికెళ్లే మట్టిదారిలో అది నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. కాఫీ పళ్ల కాలం. ఇంకో నాలుగు బస్తాలు పడతాయిలే అని నా పాత బండిలో నేనే ఎక్కించాను. దిగుతుంటే కమాన్ పట్టీలు కుంగి, కింద ‘టంగు’మంది. వంగి చూస్తే నల్లటి చుక్కలు.

దెబ్బ తగిలింది ఛాంబర్‌కి. ఇంజిన్ అడుగున బోల్టులతో బిగించే రేకు తొట్టి అది. ఇంజిన్ ఆయిలంతా అందులోనే నిలుస్తుంది.

ఎమ్‌సీల్ ముద్ద పెట్టి మూడు రోజులు నడిపాను. వేడికి అది ఊడొచ్చింది. అప్పుడు అరకులో షెడ్డుకి తీసుకెళ్తే మేస్త్రీ ఛాంబర్ విప్పి చూసి, "సొట్ట కొట్టించి గేస్ వెల్డింగ్ పెట్టిద్దారి బావూ, రేకు గట్టిదే" అన్నాడు. నాకు నచ్చలేదు. అతుకు వేసిన సామాను మీద నమ్మకం లేదని పైకి అన్నాను. అసలు సంగతి వేరు. గాజువాక ఆటోనగర్‌లో పాత సామాన్లు సగం ధరకే దొరుకుతాయని ఎవరో చెప్పారు, బేరమాడి తెచ్చి మేస్త్రీకి చూపించాలని ఉబలాటం.

పాత ఛాంబర్ ఇంటి దగ్గర పడేసి, సెల్లో ఫొటో తీసుకుని వెళ్లాను. ఫొటోలో బోల్టు రంధ్రాలు కనిపిస్తాయి, లోతు కనిపించదు. అది అప్పుడు తట్టలేదు. కొట్లో తుప్పు లేని ఛాంబర్ ఒకటి తీశారు. రంధ్రాలు రెండుసార్లు లెక్కపెట్టాను, సరిపోయాయి. "మీ బండి ఏ సంవత్సరం?" అని అడిగారు కూడా. అన్నీ ఒకటేనండీ అన్నాను. కొట్టువాళ్లని అనడానికి నాకు నోరు లేదు.

మేస్త్రీ ఊళ్లో లేడని నేనూ, క్లీనరూ కలిసి బిగించేశాం. కొత్త ప్యాకింగు వేశాం, చుట్టూ షెల్లాక్ పూశాం. ఎప్పుడూ పోసే కొలతే ఆయిల్ పోశాం. డిప్‌స్టిక్ తీస్తే కింది గీతకి దిగువనే తడి కనిపించింది. బండి ఏటవాలున ఉందిలే అనుకున్నాను. నిజానికి ఇంకో డబ్బా కొనాలంటే బేరంలో మిగిలిన డబ్బు అక్కడే అయిపోతుంది.

ఆ వారం శృంగవరపుకోటలో సిమెంటు ఎక్కించుకుని ఘాటీ పట్టాను. టైడా దాటాక ఒక మలుపులో ఆయిల్ లైటు మిణుకుమంది. రోడ్డు కాస్త చదునైతే ఆరిపోయింది. డముకు దగ్గర మళ్లీ వెలిగింది. వైరింగు లూజయ్యిందన్నాను. క్లీనర్ కుర్రాడు నా మొహం చూశాడు, ఏమీ అనలేదు. ఎంత తక్కువకి తెచ్చానో వాడికి అప్పటికి పదిసార్లు చెప్పి ఉంటాను. అనంతగిరి చేరేసరికి ఇంజిన్‌లో ‘టకటక’ మొదలైంది. అప్పుడు ఆపాను.

మేస్త్రీ ఛాంబర్ దించి, అడుగున బేరింగులు విప్పి చూపించాడు. గీతలు పడి రాగి రంగు తేలింది. "పాతది ఏదీ?" అన్నాడు. ఇంటికి మనిషిని పంపాను. మా ఆవిడ అప్పటికే దాన్ని వెల్డింగు లేకుండానే మైనంతో పూడ్చి కోళ్లకి నీళ్లు పోస్తోంది.

రెండూ పక్కపక్కన పెట్టి కర్రపుల్లతో కొలిచాడు. నేను తెచ్చింది రెండు వేళ్లు ఎక్కువ లోతు. ఆయిల్ పీల్చే స్ట్రైనర్ పాత లోతుకి తగ్గట్టు ఉంటుంది. తొట్టి లోతైతే, పోసిన ఆయిల్ అడుక్కి పోతుంది. ఘాటీ ఎక్కేటప్పుడు ఆ కాస్తా వెనక్కి జారితే స్ట్రైనర్‌కి దొరికేది గాలే. ఎక్కువ ఆయిల్ పోసి నడిపేద్దామా అన్నాను, ఇంకా సిగ్గులేకుండా. "పోసుకోవచ్చు బావూ. కానీ కిందికి దిగిపోనాది కదా, అదే రాయికి మళ్లీ తగల్తాది" అన్నాడు.

బేరింగులకీ కూలికీ అయిన ఖర్చు ఇక్కడ రాయను, ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు. పాత ఛాంబర్‌నే సొట్ట తీయించి, ఆయిల్ వాసన పోయేదాకా కడిగించి, వెల్డింగ్ పెట్టించాం. సొట్ట ఊరికే వదిలేస్తే లోపల స్ట్రైనర్‌కి ఆనుకుని దాని నోరు మూసేస్తుందట. కారడం కంటే అదే ప్రమాదమని అప్పుడే తెలిసింది. తర్వాత లోపల కిరసనాయిలు పోసి, బయట అతుకు మీద సుద్ద పూసి రాత్రంతా ఉంచాడు. తడి ఉంటే సుద్ద మీద మరక తేలుతుంది. తెల్లారి నేనే ముందు వెళ్లి చూశాను. సుద్ద తెల్లగానే ఉంది.

గాజువాక ఛాంబర్ ఇప్పుడు మా పెరట్లో ఉంది. రెండు వేళ్లు లోతెక్కువ కదా, పొద్దున ఒకసారి నింపితే కోళ్లకి సాయంత్రం దాకా నీళ్లు సరిపోతున్నాయని మా ఆవిడ మెచ్చుకుంటోంది.