నరసాపురం లేసు, అమెరికా సుంకం

2025 ఆగస్టు 27న భారతీయ వస్తువులపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు, కొక్కెం సూదితో నూలుదారాన్ని అల్లి కాలర్లు, చేతిసంచులు తయారుచేసే గోదావరి ప్రాంతపు నరసాపురం లేసు పరిశ్రమ కూడా ఆ భారం కిందికి వచ్చింది.

సుంకాన్ని చట్టప్రకారం చెల్లించేది అక్కడి దిగుమతిదారే అయినా, ధర తగ్గించాలన్న ఒత్తిడి ఎగుమతిదారు మీదుగా, ఏజెంటు మీదుగా దిగివస్తే, ముక్కల లెక్కన కూలి పొందుతూ ఇంట్లోనే అల్లే స్త్రీకి బేరమాడే చోటే మిగలదు.

ఈ శ్రమను గృహిణుల తీరికవేళ వ్యాపకంగా చూడడమే కూలిని అణచివేస్తోందని సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు అల్లేవారిపై 1982 నాటి అధ్యయనంలో వివరించింది. ఆ చూపు ఇంకా చెరగకపోవడం అన్యాయం.

ఇంటి నుంచి పనిచేసేవారి రక్షణకు అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఆమోదించిన 177వ ఒడంబడికలో భారత్ చేరలేదు.

ఎగుమతిదారులకు ప్రభుత్వమిచ్చే ఊరట కూలి రేటు వరకూ చేరాలన్న షరతు ఎందుకు ఉండకూడదో గోదావరి మిత్రులు చెప్పగలరా?