జోలార్పేటలో సామాన్ల పట్టీ

జోలార్పేట అనగానే మనలో చాలామందికి గుర్తు వచ్చేది, నిద్రమధ్యలో కళ్ళు తెరచి, “ఇంకా బెంగుళూరు రాలేదా?” అని అడిగి మరల పడుకొనే స్టేషను మాత్రమే. చెన్నై నుండి వచ్చే రైలుదారి ఇక్కడ రెండుగా చీలి, ఒకటి బెంగుళూరుకు, మరొకటి సేలం మీదుగా కోయంబత్తూరు వైపునకు పోతుంది. దిగి ఊరు చూచినవారు తక్కువ. మొన్నటి వేసవి వరకు నేనూ ఆ కోవలోని వాడినే.

మా అక్క ఆ ఊరిలో నలభై యేండ్లు కాపురం చేసింది. బావగారు రైల్వే గూడ్సు షెడ్డులో గుమాస్తాగా పనిచేసి, రిటైరైన తరువాత ఏలగిరి కొండ కనబడేచోట చిన్న ఇల్లు కట్టుకొని, మూడేండ్ల క్రిందట గతించారు. ఇప్పుడు కొడుకు అక్కను బెంగుళూరు తీసుకొని పోతున్నాడు. అక్కడ ఆమెకు దొరికేది ఒక్క గది. ఇక్కడున్నది నాలుగు గదుల సామాను, పైగా అటక. “తమ్ముడూ, నువ్వు వచ్చి లెక్క వ్రాసిపెట్టరా” అని ఫోను చేసింది.

కాట్పాడి దాటిన తరువాత రైలు పాలారు లోయలో సాగుతుంది. నది అంటే కంటికి కనబడేది ఇసుకే. గుడియాత్తం, ఆంబూరు, వాణియంబాడి వరుసగా వస్తాయి. మొదటిది మగ్గాల ఊరు, తక్కిన రెండూ తోళ్ళ ఊళ్ళు. 2019 వేసవిలో చెన్నై గొంతు ఎండినప్పుడు, ఈ జోలార్పేట నుండే 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల నీరు రైలెక్కి వెళ్ళింది. ఆ యేడే ఈ ఊరు వేలూరు జిల్లా నుండి విడిపోయి కొత్త తిరుపత్తూరు జిల్లాలో చేరింది.

మరునాడు ప్రొద్దున పని మొదలుపెట్టాము. మన సోదరీమణులకు పనికివస్తుందని ఆ పద్ధతి చెప్తున్నాను. ఉంచాలా తీసివేయాలా అన్న ఆలోచన మొదటి దినం వద్దు, ముందు వ్రాయడమే. ఒకరు వస్తువు పట్టుకొని చెప్పాలి, ఒకరు వ్రాయాలి. వరుస సంఖ్య, వస్తువు, ఎక్కడిది, ఎవరికి అని నాలుగు గళ్ళు. చివరి గడిని మూడవనాటి వరకు ఖాళీగా ఉంచాలి. పెన్షను కాగితాలు, ఇంటి దస్తావేజులు వేరే సంచిలో పెట్టి ఆ దినమే తాళం వేయాలి.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1010లో పూర్తయిన తంజావూరు పెద్దగుడి గోడల మీద రాజరాజచోళుడు దేవుని కిచ్చిన బంగారు పాత్రలు, నగలు తూకాలతో సహా చెక్కించి పెట్టాడు. మన ఇండ్లలో పాత్ర అంచున పేరు కొట్టించడమూ ఆ జాతి అలవాటే. ఆ పేర్ల పుణ్యమా అని అక్క ఇంట ఇరుగుపొరుగు వారివి 11 పాత్రలు బయటపడ్డాయి. ఏ పెండ్లికి ఎరువు తెచ్చారో, గుండిగలు, గంగాళాలు అటకెక్కి ఉండిపోయాయి.

మూడవనాటికి పట్టీ 346కు చేరింది. అక్కతో పోవలసినవి 94, పిల్లలకూ బంధువులకూ 121, తూకానికి 120, పైవారికి తిరిగి ఇవ్వవలసినవి ఆ 11. మరచెంబు తూకంలోకి పోయిందని అక్క రెండుసార్లు కళ్ళు తుడుచుకొని, దానిని మరల తన 94లోనికి మార్చుకొని, బదులుగా ఒక తపేలాను తూకానికి ఇచ్చింది.

అసలు సంగతి భోషాణం అడుగున ఉన్నది. బావగారు గూడ్సు షెడ్డు అలవాటున ఇంటి సామానుకు కూడా ఒక నోటుబుక్కు పెట్టుకొన్నారట. అందులో “వెండి ఉగ్గుగిన్నె 1” అన్న పద్దుకు ఎదురుగా ఎర్రసిరాతో, “కుదువ. 1996 జూన్. పెద్దవాని ఫీజు. విడిపించలేదు” అని ఉన్నది.

అక్క చదివి పుస్తకం మూసింది. సాయంత్రం దాకా మాట లేదు. దీపం పెట్టిన తరువాత చెప్పింది: ఆ యేట గిన్నె కనబడలేదని, పాత్రలు తోమే మనిషిని పని మానిపించింది. దొంగ అని నోటితో అనలేదు; అననక్కర లేకుండానే వీథికంతా తెలిసింది. బావగారు ఇంట్లో ఉండికూడా నోరు విప్పలేదు. ఎందుకో ఆ నోటుబుక్కులో లేదు.

ఆ మనిషి స్వస్థలం గుడియాత్తం. ఆమె మేనల్లుడు స్టేషను దగ్గర పూలు అమ్ముతాడు, వీథి చెప్పాడు. నాలుగవనాడు ఇద్దరమూ వెళ్ళాము. గుడియాత్తం స్టేషను ఒకచోట, ఊరొకచోట. బస్సు పట్టుకొని, కౌండిన్య నది దాటి, మగ్గాల చప్పుడు వినవచ్చే సందులో ఇల్లు కనుక్కొన్నాము. తెలుగు మాటలాడే ఇల్లే. ముసలామె గుర్తుపట్టి చాప వేసింది. అక్క నోటుబుక్కు తెరచి, ఆ పద్దు చదివి వినిపించి, చేతులు జోడించింది.

ఆమె కొంతసేపు ఊరకుండి, “ఆ పొద్దు నన్ను ఒక్క మాట అడిగింటే చాలు గదమ్మా” అన్నది. మేము తీసుకొని పోయిన ఇత్తడి గుండిగను ముట్టుకోలేదు. “పాత్రలు నాకేల? ఈ మాట మీ వీథిలో చెప్పమ్మా. నా మీద మాట పడింది ఆడ గదా” అన్నది. కాఫీ మాత్రం ఇచ్చింది.

ఆ కాలపువారు వీథిలో ఇంక రెండిండ్లలోనే మిగిలి ఉన్నారు. ఆ రాత్రే అక్క రెండిండ్లకూ వెళ్ళి, నోటుబుక్కు చూపి, చెప్పి వచ్చింది. తరువాత పట్టీ తెమ్మని, 347వ సంఖ్య వేసి, “వెండి ఉగ్గుగిన్నె, మా యింట లేదు, ఎవరూ తీయలేదు” అని తన చేతితో వ్రాసి సంతకం చేసింది.

ఇల్లు ఖాళీచేసే ప్రతివారికీ నా మనవి ఒక్కటే: పట్టీ వ్రాయండి. అంతకంటె ముందు, పోయిన వస్తువు సంగతి తెలిసినవారు ఆ దినమే చెప్పివేయండి.