మట్టి నేర్పిన పాఠం

మా అబ్బాయి ఆదివారాలు డర్ట్ బైక్ నేర్చుకుంటానన్నప్పుడు నేను చేసిన గొడవ ఇంతా అంతా కాదు. "రోడ్డు మీద నడపడమే గండమైతే, గుట్టల్లో గెంతుతావా?" అని రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మీరైనా అంతేగా!

వాడు మాత్రం "అమ్మా, రోడ్డు రేసుల వీరుల్లో చాలామంది మట్టిలో ఓనమాలు దిద్దినవాళ్ళే" అన్నాడు. అమెరికా వాడు కెన్నీ రాబర్ట్స్ మట్టి ట్రాకుల మీద బండి జారిస్తూ నేర్చుకున్న ఒడుపుతోనే 1978, 79, 80లలో వరసగా 500 సీసీ రోడ్డు రేసుల ప్రపంచ విజేత అయ్యాడట. ఇటలీ వాడు వాలెంటినో రోసీ తన ఊరు తవూలియాలో సొంతంగా మట్టి ట్రాకే వేయించుకున్నాడట. 'కబుర్లకేం' అనుకుని ఊరుకున్నా.

నెల తిరక్కుండానే నాకు తెలిసొచ్చింది. పాపని స్కూటీ మీద ట్యూషన్‌కి తీసుకెళ్తున్నా. ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన ఇసుక మలుపులో రోడ్డు మీదికి చెదిరి ఉంది. బండి కాస్త జారింది. కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టేశా. చక్రం బిగిసిపోయి ఇద్దరం పడ్డాం. నా మోచెయ్యి గీరుకుపోతే పోయింది, పాప గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి. ఆ మచ్చ చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది. ఇక బండి ముట్టనన్నా.

అప్పుడు వాడే నన్ను ఊరి చివర ఖాళీ మైదానానికి తీసుకెళ్ళాడు. హెల్మెట్, బూట్లు, మోకాళ్ళకీ మోచేతులకీ గార్డులూ తొడిగాడు. నెమ్మదిగా పోతూ వెనక బ్రేకు మెల్లగా నొక్కమన్నాడు. చక్రం జర్రున జారింది. కెవ్వుమన్నా. "బ్రేకు వదిలెయ్ అమ్మా" అన్నాడు. వదలగానే బండి తనే నిలదొక్కుకుంది. అలా ఇరవైసార్లు చేశాక, జారినంత మాత్రాన పడిపోమని ఒంటికి తెలిసింది. మట్టిలో ఈ సంగతి నెమ్మదిగా పోతున్నప్పుడే తెలుస్తుంది. తారురోడ్డు మీద తెలిసేసరికి ఆస్పత్రిలో ఉంటాం!

ఇంకో రెండు నేర్పాడు. చూపు గుంత మీద కాదు, వెళ్ళాల్సిన దారి మీద ఉండాలి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పకూడదు, పాలు పొంగకుండా మంట తగ్గించినట్టు మెల్లగా తిప్పాలి.

అయితే మట్టిలో పద్ధతులన్నీ రోడ్డుకి పనికిరావు. మట్టి మలుపులో బండిని వంచి ఒళ్ళు నిటారుగా ఉంచుతారు. రోడ్డు రేసులో ఒంటినే మలుపు లోపలికి వాలుస్తారు. మట్టిలో దెబ్బలు తగలవనీ కాదు. 2017లో అలాంటి సాధనలోనే రోసీ కాలు విరిగింది.

మొన్న వానలో మా వీధి మలుపులో వెనక చక్రం జారింది. నా చెయ్యి బ్రేకు మీదికి పోలేదు. చూపు ముందుకే ఉంది. బండి సర్దుకుంది. వెనక కొత్త హెల్మెట్ పెట్టుకున్న పాప "ఏమైందమ్మా?" అంది. "ఏం లేదు తల్లీ" అన్నా.

మీ పిల్లలూ అడిగితే వెంటనే కాదనకండి. మంచి గురువు, రక్షణ సామాను, ఖాళీ స్థలం ఉన్నాయో లేదో చూసి పంపండి. వీలైతే ఓ ఆదివారం మీరూ వెళ్ళండి. వంట ఎవరు చేస్తారంటారా? ఆ పూటకి మావారే చేశారు!